కడిగిన కార్పెట్: డాబా మీద ఎండలోనా, ఇంట్లో ఫ్యాన్ కిందా?

రాజోలు కోడలు:
అందరికీ నమస్కారమండి. మా ఇంట్లో పది రోజులుగా ఒకటే వాదన, మీరైనా తేల్చండి. మా ఆయన కువైట్ నుంచి వచ్చినప్పుడు 6 అడుగుల వెడల్పు, 9 అడుగుల పొడవు ఉన్న కార్పెట్ తెచ్చారు. వినాయక చవితికి ముందు పెరట్లో కుళాయి కింద వేసి, సబ్బు పొడి చల్లి, బ్రష్షుతో రుద్ది కడిగాం. డాబా మీద పిట్టగోడకి వెయ్యమని అత్తయ్యగారు అన్నారు. రంగు వెలిసిపోతుందని నేనన్నాను. నా మాటే నెగ్గింది. హాల్లో పరిచి సీలింగ్ ఫ్యాన్ వేసి వదిలేశాం. మూడో రోజుకి ముక్కిన వాసన మొదలైంది. అప్పుడు డాబా ఎక్కించాం. మధ్యాహ్నానికి బాగా ఆరినట్టే ఉంటుంది, దీపాలవేళకి చెయ్యి పెడితే మళ్ళీ చెమ్మ. నాలుగు రోజులుగా ఇదే వరస. పైగా కడిగినప్పుడు పోయిందనుకున్న టీ మరక ఆరాక మళ్ళీ పైకి తేలింది. దసరాకి ఆడపడుచు వాళ్ళు వస్తారు, నాకు టెన్షన్‌గా ఉంది. ఎండ మంచిదా, ఫ్యాన్ మంచిదా చెప్పండి.

తణుకు రైతు:
ఎండేనమ్మా, ఇందులో ఆలోచించేదేముంది. మీ అత్తగారి మాటే సరైనది. మేం సార్వాకీ దాళ్వాకీ (ఖరీఫ్‌కీ రబీకీ) ధాన్యం కళ్ళాల్లో, రోడ్ల పక్కన ఆరబోస్తాం. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో ఒప్పుకోరు. ఆ తేమ దిగేది ఎండకే. పరుపులు, దిండ్లు, మాగాయ ముక్కలు, వడియాలు అన్నీ డాబా మీదే కదా ఆరేది. రంగు కాస్త తగ్గితే తగ్గనివ్వండి, బూజు పట్టిన కార్పెట్ మీద పసిపిల్లల్ని ఆడించలేం. మా మనవరాలికి ఆయాసం ఉంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఏలూరు మగ్గం:
రైతుగారూ, మీ మీద గౌరవంతోనే కాదంటున్నాను. మా పెద్దవాళ్ళు తివాచీ మగ్గం మీద బతికినవాళ్ళు. చిన్నప్పటి నుంచీ తడి తివాచీని మండుటెండలో వెయ్యడం మా ఇంట్లో చూడలేదు. ఏలూరు తివాచీలో పడుగు, అంటే అడుగున నిలువుగా సాగే దారాలు, నూలు; పైన లేచి ఉండే కుచ్చు ఉన్ని. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా చేతికి తడి తెలియదు. ఎండ పైపైన కుచ్చుని ఆరబెట్టేస్తుంది. ఆరిందని మనం చుట్టేసి అటక మీద పెడతాం. లోపల నూలు పడుగు తడిగానే ఉండి మెల్లగా కుళ్ళుతుంది. ఏడాది తర్వాత విప్పితే మడత పడ్డ చోట బట్ట చిరిగినట్టు చిరుగుతుంది. అలా పాడైనవి బాగు చెయ్యమని తెచ్చినవాళ్ళని చూశాను, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

పిట్టగోడకి వెయ్యడం మరీ తప్పు. తడి బరువంతా ఒక్క గీత మీద పడుతుంది, నలుచదరంగా ఉన్నది వంకరపోతుంది. ఎరుపు కారి పక్కనున్న తెలుపులోకి దిగుతుంది. జంపఖానా అయితే దండెం మీద వేసి దులుపుకోవచ్చు, తివాచీ అలా కాదు. నీడలో నవారు మంచం మీద పరవండి, కింద నుంచీ గాలి ఆడాలి.

పాలకొల్లు నుంచి:
మాకు వానల్లో ఏసీ ఒక్కటే పనిచేసింది. గదిలో కార్పెట్ కుర్చీల మీదకి ఎత్తి, తలుపులు మూసి, డ్రై మోడ్ పెట్టాం, పక్కన టేబుల్ ఫ్యాన్. తెల్లారేసరికి ఆరింది. బయట పైపు కింద బకెట్ పెట్టి చూస్తే కార్పెట్‌లో నీళ్ళు ఎక్కడికి పోయాయో తెలిసింది.

అమలాపురం టీచర్:
నేను స్కూల్లో రసాయన శాస్త్రం చెబుతాను. ఇక్కడ ఎండ, నీడ అని రెండు పక్షాలు అయ్యాయి గానీ, అసలు ఆరబెట్టేది గాలి. తడి మీదున్న గాలి అప్పటికే నీళ్ళతో నిండి ఉంటే ఎంత ఎండ కాసినా నెమ్మదిగానే ఆరుతుంది. ఎండ చేసేదల్లా నీటికి వేడినివ్వడం, ఆ ఆవిరిని తీసుకుపోవాల్సింది గాలే. పడమటి గాలి తోలిన రోజున మన దగ్గర నీడలో బట్టలు కూడా గంటలో పెళపెళలాడతాయి. అదే సముద్రం మీద నుంచి గాలి తిరిగిందంటే నడి ఎండలో కూడా చెమట ఆరదు. రాజోలు సముద్రానికి ఎంత దగ్గరో చెప్పక్కర్లేదు.

హాల్లో జరిగిన పొరపాటు కూడా ఇదే. నేల మీద పరిస్తే కింద గాలి ఆడదు. పైన ఫ్యాన్ తిరుగుతున్నా అడుగున తడి కదలదు. ఒకటి రెండు రోజులు అలా తడిగా ఉంటే చాలు, బూజు మొదలవుతుంది.

టీ మరక సంగతి కూడా ఇందులోదే. నీరు ఎక్కడ ఆవిరవుతుందో అక్కడికే లోపలి తడి పాకుతుంది, దీపపు వత్తిలోకి నూనె ఎక్కినట్టు. దారిలో ఉన్న మురికినీ మోసుకొస్తుంది. నీరు ఆవిరైపోతుంది, మురికి కుచ్చు కొసన మిగిలిపోతుంది. ఎంత నెమ్మదిగా ఆరితే అంత మురికి పైకి వస్తుంది. మరక ఉన్నచోట తెల్లటి పాత పంచె నాలుగు మడతలు వేసి, పైన బరువు పెట్టి ఆరనివ్వండి. ఆ మురికి పంచెలోకి ఎక్కుతుంది.

నాకు అనుమానమంతా సాయంత్రం మళ్ళీ తగిలే ఆ చెమ్మ గురించి. అమ్మా, మీరు ఏ నీళ్ళతో కడిగారు?

రాజోలు కోడలు:
బోరు నీళ్ళేనండి. ఉప్పగా ఉంటాయి. గిన్నెలకీ స్నానాలకీ వాడతాం, తాగడానికి టిన్ను కొనుక్కుంటాం.

అమలాపురం టీచర్:
అయితే మీ అత్తగారిదీ తప్పు కాదు, మీదీ తప్పు కాదు. మీ కార్పెట్ ఆరింది. ఆరాక గాలిలోంచి మళ్ళీ నీళ్ళు తాగుతోంది.

వానాకాలంలో వంటింట్లో ఉప్పు జాడీ చూడండి, అడుగున నీరు కారుతుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమని లాక్కుంటుంది. సముద్రపు నీరు కలిసిన బోరు నీళ్ళలో మెగ్నీషియం లవణాలు కూడా ఉంటాయి, అవి ఇంకా తక్కువ తేమకే చెమ్మగిల్లుతాయి. మీరు బోరు నీళ్ళతో కడిగి ఎండలో పెట్టినప్పుడు నీరు పోయింది, ఉప్పు కుచ్చులోనే మిగిలింది. పొద్దు వాలి గాలి చల్లబడగానే అది పని మొదలుపెడుతుంది. పూర్తిగా వదలని సబ్బు కూడా తేమ పట్టేదే. ఈ రెండూ లోపలుండగా నెల్లాళ్ళు ఎండబెట్టినా ఇదే తంతు.

ముందు మంచినీళ్ళతో జాడించండి. వాన పడేటప్పుడు డాబా తూము కింద డ్రమ్ములు పెట్టి పట్టుకోండి. మొదటి పావుగంట నీళ్ళు వదిలెయ్యండి, డాబా మీది దుమ్మంతా వాటిలోనే వస్తుంది. ఆ నీళ్ళు నురగ రావడం ఆగేదాకా పొయ్యండి. ఆ తర్వాత నేల తుడిచే వైపర్‌తో కుచ్చు వాలిన వైపుకి గట్టిగా లాగి నీరు పిండెయ్యండి. ఆరబెట్టడంలో సగం పని అక్కడే అయిపోతుంది, కానీ చాలామంది ఆ పని వదిలేస్తారు. కారు కడిగేచోట నీళ్ళు పీల్చే మెషిన్ ఉంటే ఇంకా మంచిది.

తణుకు రైతు:
ఉప్పు మాట నేను అనుకోలేదు, ఒప్పుకుంటున్నాను. మాకు కాలవ నీళ్ళు, ఆ బాధ తెలియదు. కానీ నీడ దగ్గర మాత్రం ఒప్పుకోను. వీళ్ళు కువైట్ నుంచి తెచ్చింది ఉన్ని కాకపోవచ్చు, ప్లాస్టిక్ దారమేమో. దానికీ ఏలూరు తివాచీకీ ఒకటే నియమమా?

ఏలూరు మగ్గం:
అది మంచి ప్రశ్న. కువైట్ నుంచి వచ్చేవాటిలో చాలావరకు మిషన్ మీద నేసిన పాలీప్రొపిలీన్ రకం. ఆ దారం నీళ్ళు పీల్చదు, కాబట్టి ఉన్ని కంటే చాలా తొందరగా ఆరుతుంది. అయితే అడుగున జనపనార బట్ట, రబ్బరు జిగురు ఉంటాయేమో తిప్పి చూడండి. తడి దాక్కునేది అక్కడే. జనపనార ఎక్కువసేపు నానితే గోధుమరంగు పైకి దిగుతుంది. ఎండకి జిగురు పెళుసై పొడిలా రాలుతుంది. పాలీప్రొపిలీన్ కూడా రోజుల తరబడి ఎండలో ఉంటే బలం పోతుంది. పొద్దుటి ఎండ రెండు మూడు గంటలు, అదీ కార్పెట్ వీపు, అంటే అడుగువైపు, పైకి పెట్టి, అంతవరకు నేనూ కాదనను. ఉన్నిదైతే అది కూడా వద్దు.

తణుకు రైతు:
రెండు మూడు గంటల ఎండంటే మీరు నా దారిలోకి వచ్చినట్టే. ధాన్యం కూడా ఒకేసారి మండుటెండకి వదిలేస్తే మిల్లులో నూకైపోతుంది. పలచగా పరిచి, గంటగంటకీ కాళ్ళతో తిరగేస్తాం. మంచు దిగకముందే బరకాలు కప్పేస్తాం. మీరూ నాలుగింటికల్లా కిందకి దించండమ్మా, ఆరున్నరదాకా ఉంచకండి.

నరసాపురం నుంచి:
ఎవరూ అనలేదు కాబట్టి అంటున్నాను. ఆషాఢం నుంచి కార్తీకం దాకా మన ప్రాంతంలో కార్పెట్ కడగనే కూడదు. తిరగేసి కర్రతో కొట్టి దులపండి, మరక పడినచోట మాత్రం తడిగుడ్డతో అద్దండి, చాలు. మేం శివరాత్రి వెళ్ళాక కడుగుతాం. చలి పోతుంది, మంచు తగ్గుతుంది, ఎండ ఇంకా ముదరదు, కాలవల్లో నీళ్ళు ఉంటాయి. ఏప్రిల్, మే వచ్చాయంటే ఎండ బ్రహ్మాండంగా ఉంటుంది గానీ కాలవలు కట్టేస్తారు, మళ్ళీ ఆ ఉప్పు బోరే గతి.

రాజోలు కోడలు:
అందరికీ చాలా థాంక్సండి. నిన్న మధ్యాహ్నం వాన పడింది, రెండు డ్రమ్ములు నిండాయి. మా ఆయన, మరిదిగారు కలిసి జాడించారు. నాలుగోసారికి గానీ నురగ పోలేదు, అంత సబ్బు ఉండిపోయింది లోపల. వైపర్‌తో లాగి, వసారాలో రెండు నవారు మంచాలు కలిపి దాని మీద పరిచాం. కింద ఒక టేబుల్ ఫ్యాన్, పైన ఒకటి. అత్తయ్యగారు ఈ పొద్దున మంచాల్నే ఎండలోకి జరిపించారు, వీపు పైకి తిప్పి పది గంటలకల్లా మళ్ళీ లోపలికి. టీ మరక మీద పంచె పెట్టాను, పసుపుపచ్చగా అచ్చు దిగింది. పూర్తిగా ఆరిందని ఎలా తెలుస్తుంది?

అమలాపురం టీచర్:
వీపు భాగాన్ని చెంపకి ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా ఆవిరి పోతోందన్నమాట. తర్వాత రాత్రికి దాని మీద ఒక పాలిథిన్ కవరు పరిచి, అంచుల మీద పుస్తకాలు పెట్టండి. తెల్లారి కవరు లోపలివైపు చెమ్మ లేకపోతే హాల్లో వేసుకోవచ్చు. చెమ్మ కనిపిస్తే ఇంకో రోజు మంచం మీదే ఉంచండి, దసరాకి ఇంకా టైముంది.