కెన్యాలో పిల్లలతో పిట్టల ఫొటోలు: దసరాకు పోవాలా, ఎండాకాలమా? లెన్స్ ఏది?

నల్లగొండ_గిజిగాడు:
నలుగురం పోతున్నం. మేమిద్దరం, 11 ఏండ్ల పాప, 7 ఏండ్ల బాబు. మొత్తం 8 రోజులు: నైవాషా చెరువు, నకూరు చెరువు, మసాయి మారా అడవి. సింహం కనబడితే సంతోషమే గానీ ఇంట్ల అందరికీ పిట్టల పిచ్చి. కెమెరా క్రాప్ సెన్సర్‌ది (చిన్న సైజు సెన్సర్), లెన్స్ 70-300 మి.మీ. దసరా సెలవులు మంచిదా, ఏప్రిల్-మే మంచిదా? 150-600 లెన్స్ కొనాలా, కిరాయికి తెచ్చుకుంటే సరిపోతదా? పిల్లలకు ఎట్లాంటి బైనాక్యులర్ కొనాలె? ఇంకో మాట, వేరే కుటుంబంతోని కలిపి ఒకే వ్యాన్‌ల పంపితే రేటు తగ్గుతదని ఏజెంటు అంటున్నడు.

కోయిల్‌సాగర్_కొంగ:
అన్నా, ఆఖరి మాట నుంచే మొదలు పెడ్త. వ్యాన్ పంచుకోకుండ్రి. లెన్స్ మీద పెట్టే పైసలు బండి మీద పెట్టుండ్రి. మన పాలపిట్ట దాయాది ఒకటుంటది అక్కడ, లైలాక్ బ్రెస్టెడ్ రోలర్. అది తుమ్మకొమ్మ మీద కూసొని కింద పురుగును చూస్తుంటది, దిగి పట్టుకొని మళ్ల అదే కొమ్మ మీదికి వస్తది. ఎగిరే ఫొటో కావాలంటే అక్కడ 20 నిమిషాలు ఆగాలె. చిరుత కనబడ్డదని రేడియోల వినబడంగనే పక్క కుటుంబం ఆగనిస్తదా? ఇంకోటి, బండిల ఒక్కరు కాలు మార్చినా ఫొటో కదులుతది. మనిషికో కిటికీ, పైకప్పు లేసే బండి, ఆగంగనే ఇంజిన్ బంద్ చేసే డ్రైవర్. ఈ మూడు బుకింగ్ అప్పుడే రాయించుకోండ్రి. పిట్టలు తెలిసిన గైడ్ కావాలని ముందే చెప్పకపోతే సింహాలు, చిరుతల చుట్టే తిప్పుతరు.

పైకప్పు నుంచి తీస్తే ఎగిరేవి మంచిగ వస్తయ్. నేల మీద నడిచే సెక్రటరీ బర్డ్‌ను, మన బట్టమేక పిట్ట చుట్టం కోరి బస్టర్డ్‌ను మాత్రం కిటికీల నుంచే తీయాలె. పైనుంచి తీస్తే పిట్ట గడ్డిలకు అతికినట్టు కనబడ్తది.

తేదీలంటే దసరానే. మార్చి నుంచి మే దాక అక్కడ పెద్ద వానలు. మారాల చాలా చోట్ల నల్లరేగడి, వాన పడితే బండ్లు దిగబడ్తయ్. అక్టోబర్‌ల వైల్డ్‌బీస్ట్ (పెద్ద జింక జాతి) మందలు ఇంకా మారాలనే ఉంటయ్, చలికాలం వలస పిట్టలు అప్పుడే దిగుతుంటయ్. ఒక లోటు ఉంది: వానలు పడకముందు బిషప్, విడోబర్డ్ మగపిట్టలు ఎర్ర, నల్ల రంగులు లేకుండ పిచ్చుకల లెక్క ఉంటయ్. ఆ రంగులు వానలతోటే వస్తయ్. ఖర్చు సంగతి కూడ చూసుకోండ్రి. 2024 నుంచి మారా టికెట్ విదేశీ పెద్దలకు రోజుకు జనవరి-జూన్‌ల 100 డాలర్లు, జులై-డిసెంబర్‌ల 200.

నకూరుల ఫ్లెమింగోల గులాబీ రంగు సముద్రం చూపిస్తనని పిల్లలకు చెప్పకుండ్రి. గత పదేండ్లల్ల చెరువు నీళ్లు బాగ పెరిగినయ్, ఉప్పదనం తగ్గింది, ఫ్లెమింగోలు తినే నాచు తగ్గింది. చాలా మటుకు బొగోరియా చెరువు దిక్కు పోయినయ్. దారిల ఎల్మెంటైటా చెరువు దగ్గర ఆగితే పెలికాన్లు దొరుకుతయ్.

పిల్లలమర్రి_ఫోకస్:
లెన్స్ కిరాయికే తెచ్చుకోండి. మీ 300 క్రాప్ మీద 450 లెక్క పనిచేస్తది. రోలర్, రాబందు, కిరీటం కొంగ, గిన్నెకోళ్లకు అది చాలు. బీఈటర్ (తేనెటీగలు తినే పిట్ట), లకుముకి లాంటి చిన్నవాటికే 600 కావాలె. ప్రయాణానికి రెండు వారాల ముందే తెచ్చి పానగల్ చెరువు దగ్గర చేయి తిప్పుకోండి. నీళ్ల మీద గాల్లో ఒకే చోట రెక్కలాడించే నలుపు-తెలుపు లకుముకి నైవాషాలో కనబడేదే, జాతి ఒక్కటే. ఇక్కడ పట్టుకోగలిగితే అక్కడా దొరుకుతది.

సెట్టింగులు: షటర్ స్పీడు కూర్చున్న పిట్టకు సెకనుల 1/500, ఎగిరేదానికి 1/2500, ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ సున్నితత్వం) ఆటో పెట్టి గరిష్ఠం 6400. పొద్దున్నే ఐఎస్ఓ పెరిగిందని భయపడి షటర్ తగ్గించొద్దు. నాయిస్‌ను (ఫొటోల చుక్కలను) తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిన ఫొటోను ఎవరూ బాగుచేయలేరు. తెల్లగా వెలిగే ఆకాశంలో గద్ద నల్లటి మరక అయితే ఎక్స్‌పోజర్ (ఫొటో వెలుగు) +1 పెట్టండి. చీకటి చెట్ల ముందు తెల్ల కొంగ అయితే -1. తారుమారు చేస్తే ఈకల్లో గీతలు పోతయ్, మళ్ల రావు.

ట్రైపాడ్ ఇంట్లనే పెట్టండి, బండిలో దానికి చోటు లేదు. బీన్ బ్యాగ్ (లెన్స్ కింద ఆసరాగా పెట్టే సంచి) ఖాళీగా తీసుకపోయి నైరోబీలో 2 కిలోల బియ్యం పోసుకోండి, తిరిగొచ్చేటప్పుడు అక్కడే ఎవరికన్నా ఇచ్చేయొచ్చు. మూడింట రెండు వంతులే నింపాలె. బిర్రుగా నింపితే లెన్స్ దాని మీద నిలవదు, దొర్లుతది.

పొద్దున 10 దాటినంక దూరం పిట్టల జోలికి పోకండి. నేల వేడికి గాలి వణుకుతది, మనకు తార్రోడ్డు మీద ఎండమావి కనబడ్డట్టే. ఆ టైంల ఫొటో మెత్తగా వస్తే లెన్స్‌ను తిట్టొద్దు, అది లక్ష రూపాయలదైనా అంతే. దగ్గరివే తీయండి, లేకపోతే పండుకోండి. దుమ్ముల లెన్స్ మార్చడం అసలే వద్దు. తప్పకపోతే బండి అద్దాలు మూసి, దిండు గలీబు లోపల పెట్టి మార్చండి.

అమ్రాబాద్_అక్క:
పిల్లల సంగతి నేను చెప్తాను. బాబు కళ్ల మధ్య దూరం తక్కువ కాబట్టి చాలా పెద్దల బైనాక్యులర్లు సరిపోవు. దుకాణంలోనే వాడి కళ్లకు పెట్టించి అడగండి, ‘రెండు గుండ్రాలు కనబడుతున్నాయా, ఒకటేనా?’ అని. రెండంటే వద్దు. వాడికి తేలికైన 6 రెట్లది, పాపకు 8×32. 10 రెట్లవి పిల్లల చేతుల్లో వణుకుతాయి. పిట్ట మీద నుంచి చూపు తిప్పకుండా బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకోవడం ఇంటి ముందే నేర్పండి. కిందికి చూసి ఎత్తితే పిట్ట దొరకదు.

యెల్లో ఫీవర్ టీకా కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్ నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు, కార్డు జీవితాంతం చెల్లుతుంది. అది లేకుండా తిరిగొస్తే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. గుడ్డు అలర్జీ ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి, మలేరియా మాత్రల గురించి కూడా అప్పుడే అడగండి. ప్లాస్టిక్ కవర్లు కెన్యాలో 2017 నుంచి నిషేధం, కాబట్టి చెప్పులు, తడిబట్టలు గుడ్డ సంచుల్లో సర్దండి. నీలం, నలుపు బట్టలకు సెట్సీ అనే కుట్టే ఈగలు వస్తాయి, వద్దు. మారాకు చిన్న విమానంలో వెళ్తే మనిషికి 15 కిలోలే, అదీ మెత్తటి బ్యాగులో, కెమెరాతో కలిపి. గట్టి సూట్‌కేసు ఎక్కనివ్వరు. ప్లగ్గు మూడు దీర్ఘచతురస్రపు పిన్నులది, ఎడాప్టర్ ఇక్కడే కొనండి.

నల్లగొండ_గిజిగాడు:
బండి మాకే సపరేటుగ మాట్లాడుకుంటం. నైవాషా పడవల కూడ బియ్యం సంచి పెట్టుకోవచ్చా?

పిల్లలమర్రి_ఫోకస్:
వద్దు. పడవ అలలతో ఊగుతది, సంచి మీద పెడితే ఆ ఊపంతా లెన్స్‌కే వస్తది. చేతుల్లనే పట్టుకొని 1/2500. పడవతను ఈల వేసి చేప విసిరితే ఫిష్ ఈగిల్ (చేపలు పట్టే గద్ద) చెట్టు మీద నుంచి దిగుతది. విసరకముందే ఎండ మీ వెనకకు వచ్చేటట్టు పడవ తిప్పమనండి. చేప మీద ఫోకస్ పెట్టి కాచుకోవద్దు, కొమ్మ వదిలిన క్షణం నుంచి పిట్టనే వెంటాడాలె. దాని తల తెల్లన, ఒళ్లు ముదురు రంగు, కాబట్టి తలకే ఎక్స్‌పోజర్ చూసుకోండి. పిల్లలు లైఫ్ జాకెట్ విప్పొద్దు, అక్కడ నీటి ఏనుగులు ఉంటయ్.