జురా వైన్లు: ఒకే ద్రాక్ష, ఒకే అపెలాసియోఁ (చట్టం గుర్తించిన ప్రాంతం పేరు), రుచి మాత్రం వేరు. ఎందుకు?

తోటబాట:
బర్గండీకి తూర్పున, స్విస్ సరిహద్దు పక్కనుండే జురా వైన్ల గురించి తెలిసినవాళ్లు చెప్పగలరు. రెండు తెల్ల వైన్లు, రెండింటి మీదా కోత్ ద్యు జురా అనే ఉంది, రెండూ సవాన్యాఁ ద్రాక్షవే. ఒకటి నిమ్మపండులా తాజాగా ఉంది, రెండోది అక్రోట్లు, మసాలా వాసన కొడుతోంది. రెండోది పాడైందా? అర్బ్వా, లెత్వాల్, షాతో షాలోఁ పేర్లలో దేనికి ఏం అర్థం? ముందు ఏది కొనాలి?

పీపాపొర:
పాడవలేదండీ. ఇక్కడ తేడా ఊరిది కాదు, పీపాది. పీపాలో వైన్ కొంచెం కొంచెంగా ఆవిరై పైన ఖాళీ ఏర్పడుతుంది. ఎప్పటికప్పుడు నింపుతూ ఉంటే దాన్ని ‘ఉయే’ అంటారు, తాజాగా ఉంటుంది. నింపకుండా వదిలేస్తే ఈస్ట్ పైకి చేరి పలచటి తెల్లటి పొర కడుతుంది. అదే ‘వ్వాల్’. గాలి నేరుగా తగలకుండా అది కాపాడుతుంది, ఆల్కహాల్‌ను కొంత అసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ సోటొలోన్ పేరుకుంటుంది. మెంతుల వాసనకు మూలం కూడా ఆ పదార్థమే.

పొర దెబ్బతింటే అసిటిక్ బ్యాక్టీరియా చేరి వెనిగర్ అయిపోతుంది, అందుకే పీపాలను మధ్యమధ్యలో పరీక్షిస్తారు. అక్రోటు, కూరమసాలా వాసన వస్తే మంచిదే. వెనిగర్ లేదా గోళ్ల రంగు వాసన ముక్కుకు గుచ్చుకుంటే అది లోపం.

లేబుల్ మీద ‘ఉయే’ అని ఉంటే తాజా రకం, ‘సూ వ్వాల్’ అని ఉంటే పొర కింద నిల్వ ఉంచింది. ‘త్రాదిస్యోఁ’ కూడా ఎక్కువగా రెండో రకమే, తరచు షార్డొనే అనే మరో తెల్ల ద్రాక్ష కలుపుతారు. ఏమీ రాయకపోతే కొట్టులో అడగాల్సిందే.

సున్నపురాయి:
ఇక పేర్లు. అర్బ్వా ఎరుపు, తెలుపు, వాఁ జోన్ (పొర కింద ఏళ్ల తరబడి ఉంచే ‘పసుపు వైన్’) అన్నింటికీ వర్తిస్తుంది. లెత్వాల్‌లో ఎరుపు లేదు, అక్కడ పండిన ఎర్ర ద్రాక్ష వైన్ కోత్ ద్యు జురా పేరుతో అమ్ముతారు.

అందరూ తికమకపడేది షాతో షాలోఁ దగ్గర. ఆ పేరు ఒక్క వాఁ జోన్‌కే. నూటికి నూరు శాతం సవాన్యాఁ, కోతకు తర్వాతి ఆరో ఏడు డిసెంబరు 15 దాకా నిల్వ, అందులో కనీసం 60 నెలలు పొర కింద. అంటే 2018 పంటకు 2024 డిసెంబరు. సీసా కూడా వేరే, 62 సెంటీలీటర్ల క్లావ్లాఁ. షాతో షాలోఁ కొండ మీదే పండిన మామూలు తెల్ల వైన్ కూడా కోత్ ద్యు జురాయే అవుతుంది, కాబట్టి ఆ పేరును చిన్నచూపు చూడకండి. పంట సరిగా లేదని 1974, 1980, 1984, 2001లో షాతో షాలోఁ వైన్ అసలు తీయలేదు. ఆ ఏళ్ల సీసా ఎవరైనా చూపిస్తే అనుమానించండి.

పీపాపొర:
కొనేటప్పుడు ముందు ఒక ఉయే సవాన్యాఁ, ఒక సూ వ్వాల్ పక్కపక్కన పెట్టి తాగండి. వాఁ జోన్ ఖరీదు, తర్వాత చూడొచ్చు. అది 14–16 డిగ్రీల దగ్గర బాగుంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే పోస్తే వాసనలు మూసుకుపోతాయి. కొన్ని గంటల ముందే మూత తీయండి. మిగిలింది బిరడా పెట్టి ఉంచితే వారాలైనా నిలుస్తుంది. జోడీగా కోంతే చీజ్, అక్రోట్లు.

పుల్సార్ అనే ద్రాక్షతో చేసిన ఎరుపు వైన్ చాలా లేత రంగు, ‘రోజే’ (గులాబీ రంగు వైన్) అనుకోకండి. తెరవగానే కోడిగుడ్డు వాసన వస్తే కంగారొద్దు, జగ్గులోకి వంచి అరగంట ఆగితే చాలావరకు పోతుంది.

తోటబాట:
సోటొలోన్ సంగతి విన్నాక అడుగుతున్నా, మెంతికూర కోడికి వాఁ జోన్ నప్పుతుందా?

సున్నపురాయి:
బాగా నప్పుతుందండీ, కాకపోతే పచ్చిమిర్చి సగం తగ్గించి, చివర్లో కాస్త మీగడ కలపండి. కారం ఎక్కువైతే ఆల్కహాల్ ఘాటే నాలుకకు తెలుస్తుంది, అక్రోటు వాసన మాయమైపోతుంది. చింతపండు మాత్రం వద్దు, వైన్‌లోనే పులుపు దండిగా ఉంది.