జనరేటర్ కొత్త కంట్రోలర్‌లో ఆయిల్ ప్రెషర్ స్విచ్, టెంపరేచర్ సెన్సర్ సెట్టింగ్ ఎలా?

మా అపార్ట్‌మెంట్‌లో 62.5 కేవీఏ డీజిల్ జనరేటర్‌కి పాత కంట్రోలర్ కాలిపోతే కొత్తది బిగించాం. పెట్టినాయన సెట్టింగులు సగంలో వదిలేసి వెళ్లాడు, ఇప్పుడు ఫోన్ ఎత్తడు.

ఇంజన్ స్టార్ట్ అవుతుంది, పది సెకన్లకి 'లో ఆయిల్ ప్రెషర్' అని ఆగిపోతుంది. ముల్లు గేజ్ మాత్రం 4 బార్ చూపిస్తోంది. స్విచ్ వైరు ఊడదీసి, స్విచ్‌కీ ఇంజన్ బాడీకీ మల్టీమీటర్ పెట్టాను. ఇంజన్ ఆగినప్పుడు బీప్ వస్తుంది, తిరుగుతుంటే రాదు. అంటే ప్రెషర్ లేనప్పుడు కలిసే రకం కదా? కంట్రోలర్‌లో ఆ ఇన్‌పుట్ 'ఓపెన్ టు యాక్టివేట్' (స్విచ్ విడిపోతే ఫాల్ట్ అనుకోవడం) అని ఉంది. 'క్లోజ్ టు యాక్టివేట్'కి (కలిస్తే ఫాల్ట్) మారిస్తే సరిపోతుందా? నా భయమల్లా, అలా చేశాక ఎలక కొరికి వైరు తెగితే ఆయిల్ లేకపోయినా ఇంజన్ ఆగదేమోనని. (ఎలకలు మా సెల్లార్‌లో పర్మనెంట్ మెంబర్లు.)

రెండోది, రాత్రంతా చల్లారిన ఇంజన్‌కి టెంపరేచర్ 72 డిగ్రీలు చూపిస్తోంది! సెన్సర్‌కి ఒకటే వైరు, బాడీకి కొలిస్తే 580 ఓమ్‌లు. మెనూలో కర్వులు (ఎన్ని ఓమ్‌లకి ఎన్ని డిగ్రీలో చెప్పే పట్టికలు) చాలా ఉన్నాయి, ఏది పెట్టాలో తెలియట్లేదు. సెన్సర్ విప్పి వేడినీళ్లలో ముంచి, థర్మామీటర్‌తో చూస్తూ ఓమ్‌లు రాసుకుని సొంత కర్వు ఎక్కించుకోవచ్చా? తిరిగి బిగించేటప్పుడు టెఫ్లాన్ టేప్ చుడితే ఎర్త్ దెబ్బతింటుందా?

ఈ పని చేసినవాళ్లు కాస్త చెప్పండి. అప్పటిదాకా కరెంటు పోతే లిఫ్ట్ లేదు.