అప్‌డేట్: సర్వేకి ఇంటర్వ్యూలు ఎలా కలపాలని అడిగాను కదా, ఏమైందంటే

గుర్తుందా? పల్లెల్లో ఆడవాళ్ళ పని మీద నా పీహెచ్‌డీ సర్వే అయిపోయింది, చాలా ఫారాల్లో "ఇంటి పనే" అని వచ్చింది, గైడ్ గారేమో ఇంటర్వ్యూలూ చేయమన్నారు. వాటిని ఎక్కడ అతికించాలో తెలీక అడిగాను. మీలో ఒకరు "అంకె నమ్మబుద్ధి కాని ఇళ్ళకే మళ్ళీ వెళ్ళండి" అన్నారు. వెళ్ళాను.

ఫారంలో "పని చేయదు" అని ఉన్న ఒకావిడ, నేను వెళ్ళేసరికి కేంద్రంలో పాలు పోసొచ్చి గడ్డిమోపు దించుతోంది. "పని లేదన్నావేంటి పెద్దమ్మా?" అంటే, "కూలికెళ్తే పని గానీ, ఇది మా గేదేగా!" అంది. తప్పు ఆవిడది కాదు, నా ప్రశ్నది.

ఆ రాత్రే ప్రభుత్వ జాతీయ నమూనా సర్వేలో ఎవరేం చేస్తున్నారో గుర్తించడానికి వేసే కోడ్‌లు మళ్ళీ తిరగేశాను. 93 అంటే ఇంటి పనితోపాటు కట్టెలు, మేత తెచ్చుకోవడం, ఇంటికోసం కుట్టుకోవడం. అయినా ఆ కోడ్ పడితే శ్రామికుల లెక్కలోకి రారు. జనం రోజంతా సమయం ఎలా గడుపుతారో చూసే 2019 ప్రభుత్వ టైమ్ యూజ్ సర్వేలో మాత్రం "పని చేస్తారా?" అని కాకుండా, ముందురోజు తెల్లవారుజాము 4 నుంచి 24 గంటలూ ఏం చేశారో అరగంట చొప్పున రాసుకున్నారు.

నేనూ ఆ దారే పట్టాను. "నిన్న లేచిన దగ్గర్నుంచి చెప్పండి" అని మొదలుపెట్టి, పాత ఇళ్ళలో కొన్నింటికి మళ్ళీ తిరిగాను (కాళ్ళు పడిపోయాయనుకోండి). ఇప్పుడు ఒకే పట్టికలో ఫారం జవాబు, దాని పక్కనే ఆవిడ మాట. ఇంటర్వ్యూలకి వేరే చాప్టర్ పెట్టట్లేదు. గైడ్ గారు ఒప్పుకున్నారు, పద్ధతుల చాప్టర్ మాత్రం తిరగరాయమన్నారు.