సాహిత్య సభలో వివాదాస్పద పుస్తకాల గంట: ఎవరిని పిలుద్దాం, ఏవి పంపుదాం?

సభ సమన్వయం, ఎడిసన్:
అందరికీ నమస్కారం. మే నెలలో ఇక్కడ న్యూజెర్సీలో జరిగే మన తెలుగు సంఘం సభలో భోజనాల తర్వాత గంటన్నర సమయం ‘రాజకీయ వ్యాఖ్యాతలు, వారి పుస్తకాలు, ప్రజాభిప్రాయం’ అనే అంశానికి కేటాయించాం. హైదరాబాద్ నుంచి పేరున్న వ్యాఖ్యాత ఒకరిని పిలిపిస్తే హాలు నిండుతుందని కార్యవర్గంలో కొందరు అంటున్నారు. ఆయన వీడియోలకు ఇక్కడ కూడా చాలామంది అభిమానులున్నారు. అసలు ఇలాంటి పుస్తకాలే బల్ల మీద పెట్టవద్దని ఇంకొందరి పట్టుదల. ఈ వారంలో తేల్చాలి. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడు ముందు చెబితే బాగుంటుంది.

పుస్తకాల సేకరణ, హైదరాబాద్:
అక్కయ్యగారూ, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూసి, సోమవారం కాచిగూడ వైపు రెండు దుకాణాలకు వెళ్లాను. ఒక దుకాణం పెద్దాయన చెప్పిన మాట అప్పటి నుంచీ మనసులో తిరుగుతోంది. “గొడవ నడిచినన్నాళ్లూ ఫోన్లు వస్తాయండీ. చాలామందికి పుస్తకం పేరు తెలియదు. టీవీలో చూపించారుగా, అది ఉందా అంటారు. టీవీ ఇంకో గొడవ ఎత్తుకోగానే ఈ కట్టలు అటక మీదికి పోతాయి” అన్నాడు. మనం ప్రజాభిప్రాయం అంటున్నదాంట్లో ఎక్కువ భాగం పుస్తకం తెరవకముందే తయారైపోతోందని నాకు గట్టిగా అనిపించింది.

2017 గుర్తుచేసుకోండి. రచయిత కంచ ఐలయ్య గారి ఇంగ్లిష్ పుస్తకం ‘పోస్ట్-హిందూ ఇండియా’ 2009లో వచ్చింది. అందులోని ఒక అధ్యాయం ఎనిమిదేళ్లపాటు ఎవరి కంటా పెద్దగా పడలేదు. అదే అధ్యాయం తెలుగులో విడిగా, ఒక వ్యాపార కులం పేరున్న శీర్షికతో చిన్న పుస్తకమై రాగానే రెండు రాష్ట్రాల్లో ఊరేగింపులు, కేసులు, బెదిరింపులు. నిషేధించాలని వేసిన పిటిషన్‌ను ఆ అక్టోబరులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. లోపలి విషయం పాతదే. కొత్తగా వచ్చినవి విడి పుస్తకం, అట్ట మీది పేరు. ఇన్నాళ్లూ చర్చ ఆ అట్ట దగ్గరే ఆగిపోయింది.

దీనికంటే పదేళ్ల ముందు, 2007 ఆగస్టులో, ఇక్కడి ప్రెస్ క్లబ్‌లో బంగ్లాదేశ్ రచయిత్రి తస్లీమా నస్రీన్ మీద దాడి జరిగింది. ఆమె వచ్చింది తన నవల తెలుగు అనువాదం ఆవిష్కరణకు. దాడికి దిగినవారిలో శాసనసభ్యులు కూడా ఉన్నారు. అప్పుడే బయటికి వస్తున్న ఆ తెలుగు పుస్తకాన్ని వాళ్లు ఎప్పుడు చదివినట్టు?

అందుకే నా మనవి. ఆ వ్యాఖ్యాతను పిలవవద్దు, పుస్తకాలను మాత్రం ఆపవద్దు. ఆయన వస్తే నలభై నిమిషాల ఉపన్యాసం, చప్పట్లు, కేకలు, మర్నాటికి ఫోన్లలో రెండు నిమిషాల ముక్కలు. మన సంఘం పేరు ఆ ముక్కల కింద ఉంటుంది. దానికి బదులు ఒక్కో పుస్తకాన్ని ఆసాంతం చదివిన ఇద్దరిని, నచ్చినవారిని ఒకరిని, నచ్చనివారిని ఒకరిని, వేదిక మీద కూర్చోబెడదాం. విమర్శించే ముందు ఆ పేజీ బయటికి చదవాలి. మెచ్చుకునేవారికీ అదే నియమం.

కోశాధికారి:
ఆలోచన మంచిదే, కానీ తమ్ముడూ, హాలు అద్దె మనమే కట్టాలి. పేరున్న మనిషి లేకపోతే టిక్కెట్లు ఎవరు కొంటారు? ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. మనది 501(సి)(3) సంఘం, అంటే అమెరికా చట్టం కింద పన్ను మినహాయింపు ఉన్న లాభాపేక్ష లేని సంస్థ. ఎన్నికల్లో నిలబడిన అభ్యర్థికి అనుకూలంగా గానీ వ్యతిరేకంగా గానీ సంఘం వేదిక నుంచి ప్రచారం జరగకూడదు. 1954 నుంచి ఉన్న నిబంధన ఇది. పుస్తకాల మీద చర్చకు అడ్డు లేదు. మైకు పట్టుకున్నవారు ఫలానా వారికి ఓటేయండి అంటేనే మన పన్ను మినహాయింపుకు ముప్పు. ఉపన్యాసమైతే ఆ మాట ఎక్కడ దొర్లుతుందో చెప్పలేం. ఆ లెక్కన పేజీ చదివి మాట్లాడే పద్ధతే నాకు భద్రంగా ఉంది.

యువజన విభాగం:
మా వయసువాళ్ల కోసం అమెరికా పుస్తకం ఒకటి చేర్చండి. 2006లో అమెరికా రాజకీయ వ్యాఖ్యాత ఆన్ కోల్టర్ ‘గాడ్‌లెస్’ పుస్తకంలో, సెప్టెంబర్ 11 దాడుల్లో భర్తలను పోగొట్టుకున్న నలుగురు న్యూజెర్సీ మహిళలను చాలా పరుషంగా విమర్శించారు. మన రాష్ట్ర శాసనసభ్యులు ఇద్దరు దుకాణదారులను ఆ పుస్తకం అమ్మవద్దని కోరారు. అది న్యూయార్క్ టైమ్స్ పత్రిక వేసే, బాగా అమ్ముడయ్యే పుస్తకాల జాబితాలో మొదటి స్థానానికి వెళ్లింది. అయితే ఆ జాబితాను కూడా ప్రజాభిప్రాయం అనుకోకూడదు. సంస్థలు టోకున కొన్నట్టు తెలిస్తే పత్రిక ఆ పుస్తకం పక్కన బాకు గుర్తు (†) వేస్తుంది. ఎన్ని అమ్ముడయ్యాయన్నది వేరు, ఎందరు చదివారన్నది వేరు, చదివి ఒప్పుకున్నవారు ఎందరన్నది మరీ వేరు. ఈ మూడూ విడదీసి పదిహేను నిమిషాలు నేను మాట్లాడతాను.

తెలుగు బడి మాస్టారు:
నేను కొంచెం కటువుగానే మాట్లాడతాను, మన్నించండి. 2017లో నొచ్చుకున్న కులంవాణ్ణి నేను. అట్ట మీద మన కులం పేరుకు నింద అంటించి ఉంటే, లోపలికి వెళ్లి చదవండి అని ఇతరులు చెప్పడం తేలిక. మా నాన్నగారు ఊళ్లో కిరాణా కొట్టు నడిపారు. అప్పులిచ్చి రాబట్టుకోలేక నష్టపోయిన మనిషి. ఆయన ముఖమే కళ్లముందు కదిలింది. ఆరోజు నేను కూడా చదవకుండానే ఇక్కడ సంతకాలు సేకరించాను. రెండేళ్ల తర్వాత చదివాను. ఇప్పటికీ ఒప్పుకోను. కానీ ఇప్పుడు ఏ వాక్యాన్ని ఒప్పుకోనో, ఎందుకు ఒప్పుకోనో చెప్పగలను. కొన్ని పేజీల్లో ఊరి వ్యాపారం గురించి రచయిత అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదని కూడా చెప్పగలను. ఆ పుస్తకం పెట్టండి. మొదట మాట్లాడేది మాత్రం నేను కావాలి.

పుస్తకాల సేకరణ, హైదరాబాద్:
మాస్టారూ, మీ మాట చదివాక నా ప్రతిపాదన మారుస్తున్నాను. నచ్చినవారు ముందా, నచ్చనివారు ముందా అన్నది చీటీ వేద్దామనుకున్నాను. అది తప్పు. ఎవరి గురించి రాశారో వారే ముందు మాట్లాడాలి. మీరు మొదలుపెట్టండి. ఆ పేజీల్లోని ప్రశ్నను మీరే బయటికి చదివితే అవతలి పక్షంవారు కూడా గొంతు తగ్గించి మాట్లాడతారని నా నమ్మకం.

టిక్కెట్ల గురించి అన్నయ్యగారికి ఒక మాట. అద్దెలో ఎంత తక్కువపడినా నా వంతుగా కొంత వేస్తాను. కేకల కోసం వచ్చే మూడు వందల మంది కంటే పుస్తకం చదివి వచ్చే ఎనభై మందినే నేను కోరుకుంటాను.

సభ సమన్వయం, ఎడిసన్:
అయితే ఇలా ఖాయం చేస్తున్నాను. వ్యాఖ్యాతకు ఆహ్వానం లేదు. కార్యవర్గానికి నేనే నచ్చజెబుతాను. మొదట మాస్టారు, తర్వాత అవతలి పక్షం, ఆపైన యువజన విభాగం, చివరి అరగంట సభికులకు. చర్చకు తీసుకునే పేజీలు రెండు వారాల ముందే సభ్యులందరికీ అందాలి. తమ్ముడూ, ఎన్ని ప్రతులు తేగలవు?

పుస్తకాల సేకరణ, హైదరాబాద్:
నా టిక్కెట్టు మీద 23 కిలోల పెట్టెలు రెండు. ఒకటి పూర్తిగా పుస్తకాలకే. ప్రతి ఒక్కటీ పావుకిలో అనుకుంటే, పెట్టె బరువు పోను ఎనభై వరకు పడతాయి. రెండో పెట్టెలో అమ్మ పెట్టిన ఆవకాయ, మాస్టారి బడికి వాచకాలు. ఏప్రిల్ చివర్లో ఇంకెవరైనా హైదరాబాద్ నుంచి బయలుదేరుతుంటే వెంటనే చెప్పండి, మరో పాతిక ప్రతులు వారి చేతికి ఇస్తాను.