పిల్లల కార్ సీట్ భద్రతా టెక్నీషియన్ సర్టిఫికేషన్ ఎవరు తీసుకోవచ్చు?

ప్రశ్న: తొలకరి

అమెరికాలో మాకు పరిచయమున్న తెలుగు కుటుంబాలు పిల్లల కార్ సీట్లను బిగించే తీరు చూస్తుంటే ఆందోళనగా ఉంటుంది. ఖరీదైన సీటే కొంటారు, కానీ పైభాగం పట్టుకుని కదిపితే అటూ ఇటూ ఊగుతుంది. ఏడాది నిండగానే బిడ్డను ముందువైపుకు తిప్పేస్తారు. చలికాలంలో లావుపాటి కోటు మీదుగానే పట్టీలు బిగిస్తారు. చెప్పబోతే "మీకెలా తెలుసు?" అని అడుగుతారు, అది న్యాయమైన ప్రశ్నే. అందుకే చైల్డ్ ప్యాసింజర్ సేఫ్టీ టెక్నీషియన్ సర్టిఫికేషన్ తీసుకోవాలని అనుకుంటున్నాను. నేను చదివింది బీకామ్, వైద్యంతోగానీ ఇంజనీరింగ్‌తోగానీ ఏ సంబంధమూ లేదు. శిక్షణలో ఏమి నేర్పుతారు, పరీక్ష ఎలా ఉంటుంది, సర్టిఫికేట్ వచ్చాక దానిని నిలబెట్టుకోవడానికి ఏమి చేయాలి? నేను హెచ్4 వీసాపై ఉన్నాను, పని అనుమతి లేదు. ఇప్పటికే ఈ సర్టిఫికేషన్ ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: బాటసారి

తొలకరి గారూ, మీ చదువు దీనికి ఏ విధంగానూ అడ్డం కాదు. ఈ సర్టిఫికేషన్‌ను సేఫ్ కిడ్స్ వరల్డ్‌వైడ్ సంస్థ ఇస్తుంది, పాఠ్యాంశాలను సమాఖ్య ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ రూపొందించింది. నాతోపాటు తరగతిలో అగ్నిమాపక సిబ్బంది, పోలీసులు, నర్సులు ఉన్నారు, ఏ ఉద్యోగమూ చేయని తల్లులూ ఉన్నారు. సేఫ్ కిడ్స్ సర్టిఫికేషన్ వెబ్‌సైటులో ఖాతా తెరిస్తే ఏ రాష్ట్రంలో ఎప్పుడు తరగతులు జరుగుతాయో కనిపిస్తుంది. నేను చేరినప్పుడు రుసుము 95 డాలర్లు. కొన్నిచోట్ల నిర్వాహకులే దానిని భరిస్తారు కనుక చేరేముందు అడగండి, అడగడానికి మొహమాటపడవద్దు.

తరగతులు సాధారణంగా మూడు నాలుగు రోజులు సాగుతాయి. కొంత భాగాన్ని ఆన్‌లైన్‌లో చదువుకుని, చేతితో చేసే భాగానికి మాత్రమే హాజరయ్యే పద్ధతి కూడా ఉంది. రాతపరీక్షలు పుస్తకం చూసి రాసేవే, వాటి గురించి బెంగ అక్కరలేదు. అసలు కష్టం పార్కింగ్ స్థలంలో మొదలవుతుంది. వెనుక సీట్లోకి సగం దూరి, మోకాలు ఆనించి, బెల్టు ఎటునుంచి ఎటు వెళుతుందో చూస్తూ సీటును బిగించాలి. వదులుగా ఉండే దుస్తులు వేసుకుని వెళ్లండి.

అక్కడ ముందుగా అర్థమయ్యేది, ఏ రెండు కార్ల బెల్టులూ ఒకేలా పనిచేయవని. కొన్ని కార్లలో బెల్టును చివరిదాకా లాగి వదిలితే అది లోపలికి వెళుతూ కటకటమని చప్పుడు చేస్తుంది, అంటే లాక్ పడిందని అర్థం, ఆ తరువాత అది బిగుసుకోవడమే తప్ప వదులు కాదు. మరికొన్నింటిలో ఎంత లాగినా ఆ చప్పుడు రాదు, బకిల్‌లో గుచ్చే లోహపు నాలుక దగ్గరే బెల్టు బిగుసుకుంటుంది. ఈ తేడా తెలియకపోతే ఎంత బలంగా లాగి కట్టినా కాసేపటికి సీటు మళ్లీ వదులైపోతుంది. చాలామంది దీనికి సీటును తప్పుపడతారు.

ఒక చిన్న సవరణ కూడా చెప్పనివ్వండి. సీటును పైభాగంలో పట్టుకుని ఊపితే, సరిగ్గా బిగించినదైనా, ముఖ్యంగా వెనక్కి తిరిగి ఉండేదైతే, కొంత ఊగుతుంది. బెల్టు సీటులోంచి దూరి వెళ్లే చోట, అక్కడ మాత్రమే, చేతితో పట్టుకుని మామూలు బలంతో కదిపి చూడాలి. ముందుకు వెనుకకుగానీ పక్కలకుగానీ అంగుళం కంటే తక్కువగా కదిలితే అది సరిగ్గా ఉన్నట్టే. మీరు చూసిన సీట్లలో కొన్ని బహుశా బాగానే బిగించినవై ఉంటాయి.

ఏడాదికే తిప్పేయడం గురించి మీ ఆందోళన మాత్రం సరైనదే. పసిబిడ్డ తల శరీరంతో పోలిస్తే బరువు, మెడ ఎముకలు ఇంకా గట్టిపడవు. ఎదురుగా గుద్దుకున్నప్పుడు వెనక్కి తిరిగి ఉన్న సీటు తలను, మెడను, వెన్నును కలిపి ఒకేసారి ఆపుతుంది. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2018లో సవరించిన సిఫారసు ప్రకారం వయసు లెక్క కాదు, ఆ సీటు అనుమతించే గరిష్ఠ బరువు లేదా ఎత్తు వచ్చేవరకు బిడ్డను వెనక్కి తిప్పే ఉంచాలి.

టెక్నీషియన్ పని సీటును బిగించి ఇవ్వడం కాదు. తల్లిదండ్రులు తమ చేతులతో బిగించేలా నేర్పడం, చివరిసారి వారే చేసి చూపేదాకా పక్కన నిలబడడం. మన చెయ్యి ఊరుకోదు, "ఇలా ఇవ్వండి, నేను చేస్తాను" అనాలనిపిస్తుంది, ఆ మాట అనకుండా ఉండడమే నాకు అన్నిటికన్నా ఎక్కువ సాధన కోరింది. మనం బిగించి పంపితే, వచ్చే వారం కారు కడిగించినప్పుడు సీటు బయటకు తీస్తారు, తిరిగి పెట్టేటప్పుడు మనం అక్కడ ఉండం.

జవాబు: వెన్నెలగట్టు

నేను ఆసుపత్రిలో నర్సును, ఇన్‌స్ట్రక్టర్‌గా కూడా పనిచేస్తున్నాను. సర్టిఫికేట్ రెండేళ్లే చెల్లుతుంది. ఆ రెండేళ్లలో ఆరు నిరంతర విద్యా యూనిట్లు పూర్తిచేయాలి. ఇన్‌స్ట్రక్టర్ లేదా వారి ప్రతినిధి చూసి ఆమోదించేలా ఐదు రకాల సీటు తనిఖీలు చేయాలి. వీటికితోడు కనీసం రెండు గంటల సామాజిక తనిఖీ శిబిరంలోగానీ అవగాహన కార్యక్రమంలోగానీ పాల్గొనాలి. ఇవన్నీ ఆఖరి నెలకు వాయిదా వేయకండి, ఎందుకంటే ఆ సమయానికి మీ ప్రాంతంలో శిబిరం ఉంటుందన్న హామీ లేదు.

వీసా సంగతి: టెక్నీషియన్లలో చాలామంది స్వచ్ఛందంగానే పనిచేస్తారు. మిగిలినవారికి ఇది తమ ఉద్యోగంలో ఒక భాగం. సర్టిఫికేట్ తీసుకోవడమంటే ఉద్యోగంలో చేరడం కాదు. అయినా పారితోషికం ఎవరైనా ఇవ్వజూపితే ముందు ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని అడగండి.

జవాబు: నిమ్మళం

నాకొక సందేహం. సీటుతో మాన్యువల్ వస్తుంది, వీడియోలు కావలసినన్ని ఉన్నాయి. ఇన్ని రోజుల శిక్షణ దేనికి?

జవాబు: బాటసారి

నిమ్మళం గారూ, మీ సొంత కారుకు, మీ సొంత సీటుకు మాన్యువల్ శ్రద్ధగా చదివితే చాలామటుకు సరిపోతుంది, నేనే ఆ మాట చెబుతాను. కానీ చదవవలసిన మాన్యువల్స్ రెండు, కారుది కూడా చదవాలి. ఉదాహరణకు 2002 సెప్టెంబరు తరువాత తయారైన కార్లలో వెనుక సీటు మడతలో ల్యాచ్ కొక్కేలు, అంటే బెల్టుకు బదులుగా పిల్లల సీటును తగిలించేవి, తప్పనిసరి అయ్యాయి. వాటికి బరువు పరిమితి ఉంటుందని, బిడ్డ బరువు, సీటు బరువు కలిపి సాధారణంగా 65 పౌండ్లు మించితే సీట్ బెల్టుకు మారాలని ఎంతమంది గమనిస్తారు? కొక్కేలూ బెల్టూ రెండూ కలిపి వేస్తే రెట్టింపు భద్రత అనుకునేవారు ఇంకా ఎక్కువ. తయారీదారు స్పష్టంగా అనుమతిస్తే తప్ప అలా వేయకూడదు. వీడియోలో ఉన్నది ఇంకొకరి కారు, ఇంకొకరి సీటు. ఎప్పుడూ చూడని కారులో ఎప్పుడూ చూడని సీటును పది నిమిషాలలో అర్థం చేసుకోవాలంటేనే శిక్షణ కావాలి.

ప్రశ్న అడిగినవారు: తొలకరి

అందరికీ కృతజ్ఞతలు. వచ్చే తరగతికి నమోదు చేసుకుంటాను. ఇంకొక్క సందేహం. మావాళ్లలో కొందరు ఇండియాలో కొన్న సీటును విమానంలో తెచ్చి ఇక్కడే వాడుతున్నారు. తనిఖీకి అలాంటి సీటు వస్తే టెక్నీషియన్ ఏమి చేయాలి?

జవాబు: వెన్నెలగట్టు

సీటు పక్కన లేదా అడుగున ఉన్న లేబుల్ చూడండి. అమెరికాలో అమ్మే ప్రతి సీటుపైనా సమాఖ్య మోటారు వాహన భద్రతా ప్రమాణాలకు అనుగుణంగా తయారైందన్న వాక్యం ముద్రించి ఉంటుంది, ఆ ప్రమాణం సంఖ్య 213. ఆ వాక్యం లేని సీటు ఇండియాలోనో యూరప్‌లోనో ఎంత మంచిదైనా ఇక్కడి కారులో వాడడానికి చెల్లదు, కనుక దానిని బిగించడంలో మీరు సాయపడకూడదు. కారణం నెమ్మదిగా వివరించండి. పెద్దవారు ఆప్యాయంగా మోసుకొచ్చిన వస్తువు కావడంతో కొందరు నొచ్చుకుంటారు, ఆ మాట తెలుగులో చెప్పగలగడం అక్కడే ఉపయోగపడుతుంది. కొత్తది కొనే స్థోమత లేనివారికి తక్కువ ధరకు లేదా ఉచితంగా సీట్లు ఇచ్చే కార్యక్రమాలను చాలా రాష్ట్రాలలో ఆరోగ్య శాఖలు, ఆసుపత్రులు నడుపుతున్నాయి. మీ ప్రాంతంలోని వాటి ఫోన్ నంబర్లను ముందే సిద్ధంగా ఉంచుకోండి. మీరు ఇచ్చిన సలహాను, వారు తీసుకున్న నిర్ణయాన్ని తనిఖీ పత్రంలో తప్పక రాసి, తల్లిదండ్రుల సంతకం తీసుకోండి.