చేతిల పట్టేంత దంతం బొమ్మలు, ఇంట్ల ప్రార్థన కోసం చేసినయి, తెలిసినోళ్ళు చెప్పుర్రి

ఫాతిమానగర్_పిల్ల: అందరికీ నమస్తే. మాది కాజీపేట, చిన్నప్పట్నుంచి చర్చిల పెద్ద విగ్రహాలే చూసిన, అందరం కలిసి మొక్కుడే తెలుసు. మొన్న మధ్యయుగం నాటి డిప్టిక్‌ల ఫోటోలు చూసిన, ఏనుగు దంతంతోని చేసిన రెండు చిన్న పలకలు, నడుమ కీలు, మడిచి మూసెయ్యొచ్చు, ఒకదాని మీద మరియమ్మ బాలయేసుతోని, ఇంకోదాని మీద సిలువ. ఇవి ఎవలు కొనేటోళ్ళు? కొన్నిటి మీద మొఖాలే అరిగినయి, ఎందుకట్ల?

పాతబొమ్మల_పిచ్చి: చెల్లె, ఇవి ఎక్కువ ప్యారిస్‌ల తయారైనయి, 13, 14 శతాబ్దాలల్ల. ఆఫ్రికా దంతాలు సముద్రం మీద రాబట్టె, చెక్కేటోళ్ళు పెరిగిన్రు. దంతం ఎంత మందముంటె పలక గంతనే వస్తది, అందుకే చిన్నగుంటయి. రాజులు, దొరసానులు, డబ్బున్నోళ్ళు కొనేటోళ్ళు, ప్రయాణంల వెంట తీస్కపోయి రాత్రి తెరిచి ముందట పెట్టుకొని ప్రార్థన చేసేటోళ్ళు. మూస్తె చెక్కుడంతా లోపలికి పోతది, దెబ్బ తగలదు. ఇప్పుడు తెల్లగ కనవడ్తున్నయి గని అప్పుడు రంగులు, బంగారం పూత ఉండేది, కొన్నిటి మీద ఇంకా మరకలున్నయి. మొఖాలు అరిగింది ముట్టుకొని, ముద్దు పెట్టుకొనే. నాకైతె ఆ అరుగుడే అన్నిటికన్న విలువైంది అనిపిస్తది, ఎవరో ఒక మనిషి ఏండ్లకేండ్లు నమ్మకంగ పట్టుకున్న గుర్తు అది.

జనగామ_మాస్టారు: మన చేర్యాల నకాషీ పటం ఊరంత ముందట పరిచి కథ చెప్పేది, పద్మశాలీలకు మార్కండేయ పురాణం అట్ల. ఇవి ఒక్క మనిషి కోసమే చేసినయి, రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలె. నెదర్లాండ్స్ దిక్కు 1500 తర్వాత బాక్స్‌వుడ్ అనే గట్టి కట్టెతోని చేసిన ప్రార్థన పూసలు కూడా చూడమ్మా, అక్రోట్ కాయంతే ఉంటయి, తెరిస్తె లోపల గుర్రాలు, జనం, సిలువ అన్నీ ఉంటయి. ఈ మధ్య మ్యూజియంలోళ్ళు సీటీ స్కాన్ చేస్తే లోపల వేరేవేరే ముక్కలు చెక్కి, పొరలు పొరలుగ పెట్టి, సన్నటి చీలలతోని బిగించిన్రని తెలిసింది. ఆ చేతులకు దండం పెట్టాలె.

ఫాతిమానగర్_పిల్ల: థాంక్యూ సార్, అన్నా. పుస్తకాలల్ల కూడా ఇట్లాంటియి ఉన్నయా?

పాతబొమ్మల_పిచ్చి: ఉన్నయి. ఫ్రాన్స్ రాణి జాన్ దెవ్రో ప్రార్థన పుస్తకం, 1324, 1328 నడుమ జాన్ ప్యుసెల్ బొమ్మలేసిండు, ఎత్తు 10 సెంటీమీటర్లు కూడా లేదు, బొమ్మలు ఎక్కువగ బూడిద రంగు ఛాయలల్లనే. న్యూయార్క్‌ల మెట్ మ్యూజియం వాళ్ళ క్లాయిస్టర్స్ అనే శాఖల ఉన్నది, వాళ్ళ సైట్ల ఫోటోలు పెద్దగ చేసి చూడు, అంచులల్ల వేసిన చిన్న చిన్న మనుషులను అస్సలు వదిలిపెట్టకు.